ట్రంకు బోర్డు మీద పిచ్చి గోలీ

మొన్న మందుల దుకాణంలో నా ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. చదువుకున్న పిల్లే. చీటీ ఇస్తూ గొంతు తగ్గించి, "పేపర్ల చుట్టియ్యన్నా, పైకి కనవడొద్దు" అంది. దుకాణం అతనికి ఇది రోజూ ఉండేదే కాబోలు, పాత పేపరు చింపి చుట్టాడు. ఆ గోలీలను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి మింగుతున్నవి మరి. నా వంతు రాగానే కావాలనే గట్టిగా అడిగాను. "నాకు గూడ గవ్వే ఇయ్యి. పేపరొద్దు, సంచొద్దు, గిట్లనే చేతుల వెట్టు." ఆ అమ్మాయి తిరిగి చూసింది. నేను కన్ను కొట్టాను. ముసలమ్మ కన్ను కొడితే ఎవరికైనా నవ్వొస్తుంది, ఆమెకూ వచ్చింది.

అక్కడ నిలబడి ఆమెకు చెప్పలేని సంగతి ఇక్కడ చెప్తున్నాను. ఆమెకే కాదు, మందును పేపర్లో చుట్టించుకునే అందరికీ.

నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. మొదటి పోస్టింగు ఆదిలాబాద్‌లో, తర్వాత సర్వీసంతా కరీంనగర్‌లో. మీరిప్పుడు వేలితో నాలుగు నొక్కులు నొక్కితే దుబాయి పలుకుతుంది. అప్పుడు కరీంనగర్ నుంచి నిర్మల్‌తో మాట్లాడాలన్నా మాకు చెప్పుకోవాలి. మేం ట్రంకు బోర్డు ముందు వరసగా కూర్చుని, తలకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఈ రంధ్రంలో ఒక పిన్ను, ఆ రంధ్రంలో ఒక పిన్ను గుచ్చి ఇద్దరినీ కలిపేవాళ్లం. కలిపాక మాట మొదలైందో లేదో తెలుసుకోవడానికి మా ముందున్న కీ తెరిచి ఒక్క క్షణం వినాలి, వెంటనే మూసెయ్యాలి. మూయకుండా వినడం తప్పు. ఆ తప్పు చేయని ఆపరేటర్ ఉంటే నాకు చూపించండి, కాళ్లు మొక్కుతాను.

ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఈ కథకు అదే ఆధారం. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు మూడో మనిషి కీ తెరిస్తే లైనులో గొంతు కొంచెం తగ్గుతుంది. బయటి వాళ్లకు తెలియదు. మా చెవులకు తెలుస్తుంది.

ఎనభైలలో ఒక ఎండాకాలం, ఎడమ మెడ మీద, చెవి వెనక, దవడ దాకా మంట పుట్టి పొక్కులు లేచాయి. మా అవ్వ చూడగానే గుండెలు బాదుకుంది. "అక్కి లేచింది బిడ్డా! మెడ సుట్టు తిరిగి తల తోక కలిస్తే మనిషి దక్కదు" అని, ఆ పూటే నన్ను సుల్తానాబాద్‌లో ఉండే కుమ్మరాయన దగ్గరికి బస్సెక్కించింది. ఆయన జాజు మట్టి ఎర్రగా తడిపి, పుల్లతో నా మెడ మీద రెండు సింహాలు రాశాడు. అక్కి పాము లాంటిదట, సింహాలు దాన్ని మింగుతాయట. మర్నాడు ఆ సింహాలతోనే డ్యూటీకి వెళ్లాను. మా వాళ్లు పడీపడీ నవ్వారు. పక్క సీటామె అయితే, "అక్కా, లైన్ల గర్జించకు, పట్నం వాళ్లు జడుసుకుంటరు" అంది. నేనూ నవ్వాను.

పొక్కులు మాడిపోయాయి, సింహాలు కడుక్కుపోయాయి. మంట పోలేదు. చీర కొంగు తగిలితే మంట, దువ్వెన తగిలితే మంట, ఫ్యాను గాలి తగిలినా మంట. హెడ్‌సెట్ ఎడమ చెవికి పెట్టుకుంటే కాగిన పెనం ఆనించినట్టుండేది. కుడి చెవికి మార్చుకున్నాను. మీరు నవ్వుతారేమో గానీ నా కుడి చెవికి ఊళ్లు తెలియవు. ఏళ్ల తరబడి ఎడమ చెవితో విన్నదాన్ని, జగిత్యాల గరగర వేరు, మంచిర్యాల గరగర వేరు. కుడి చెవికి అన్నీ ఒకటే.

పన్ను నొప్పేమోనని పళ్ల డాక్టరు దగ్గరికి పోతే రాయిలాంటి దవడ పన్ను పీకేశాడు. మంట అలాగే ఉంది, పైగా పన్ను పోయింది. చెవి డాక్టరు చెవి కడిగాడు. అవ్వ మళ్లీ సుల్తానాబాద్ తీసుకుపోయింది. కుమ్మరాయన మెడ చూసి తల అడ్డంగా ఊపాడు. "అక్కి దిగింది తల్లీ. ఉన్నదానికి రాస్త గని, లేనిదానికి ఏం రాయాలె?" అన్నాడు. ఒక్క పైసా తీసుకోలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. లేనిది ఇంత నొప్పి పెడుతుందా?

చివరికి హైదరాబాద్‌లో నరాల డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన మెడ మీద దూది ముక్కతో రాసి, నేను ఎగిరి పడటం చూసి, "అక్కి పోతూ పోతూ నరాన్ని పాడుచేసి పోయింది. ఈ నొప్పి నిజమైనదే" అన్నాడు. ఆ మాటకే సగం తేలికపడ్డాను. అప్పటిదాకా ఎవరూ అనని మాట అది. చిన్న గోలీ రాసిచ్చాడు. రోజూ రాత్రి ఒకటి.

కొన్ని వారాలకు గోలీ పనిచేయడం మొదలుపెట్టింది. నొప్పి పోలేదు, అబద్ధం ఎందుకు, పక్క గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నిద్ర పట్టింది. చాలా నెలల తర్వాత దువ్వెనతో తల దువ్వుకున్నాను. కానీ గోలీ ఊరికే ఏదీ ఇవ్వదు. పొద్దున లేవగానే కళ్లు తిరిగేవి. పదింటి దాకా తల బస్తా మోసినట్టుండేది. కడుపు గట్టిపడి రెండేసి రోజులు కదిలేది కాదు. ఒళ్లు వచ్చి జాకెట్ల కుట్లన్నీ విప్పుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే అన్యాయం, నోరు ఎండిపోయేది. నాలుక అంగిలికి అతుక్కునేది. ఆలోచించండి, నోటితో బతికేదానికి నోరెండిపోయే మందు! "హలో కరీంనగర్" అనేలోపు గొంతులో ఇసుక పోసినట్టు. బోర్డు దగ్గర నీళ్లు పెట్టుకోవడం నిషేధం, ఒక్క గ్లాసు ఒలికితే ఊరంతా మూగబోతుంది. మింగలేక కక్కలేక అనేది నా విషయంలో అక్షరాలా నిజమైంది.

డాక్టరునే అడుగుదామని ఒక మధ్యాహ్నం కాల్ బుక్ చేసుకున్నాను. ఎక్కడి నుంచి? మా ఎక్స్‌ఛేంజి నుంచే! లైన్లకు చెవులుంటాయని ఊరందరికీ చెప్పేదాన్ని, నా రోగాన్ని నేనే లైన్లో పెట్టాను. పూజారికి దేవుడంటే భయం ఉండదంటారు, నాదీ అదే తెలివి.

"డాక్టర్ గారూ, నోరెండిపోతోంది, ఈ గోలీ అసలు దేనికి?" అన్నాను.

"ఇది డిప్రెషన్‌కి ఇచ్చే మందేనమ్మా," అన్నాడాయన. ఆ మాట సగంలో ఉండగానే గొంతు తగ్గింది. ఎవరో కీ తెరిచారు. "మనసు బాగాలేనివాళ్లకి పెద్ద మోతాదులో ఇస్తాం." ఇంతలో గొంతు మళ్లీ మామూలైంది. బోర్డు మీద ఇంకేదో ఊరి దీపం వెలిగుంటుంది, కీ మూసి వేరే కాల్ అందుకుని ఉంటారు. ఆ తర్వాత డాక్టరు చెప్పిందంతా నేనొక్కదాన్నే విన్నాను. నరాల నొప్పికి ఇదే మందు చిన్న మోతాదులో పనిచేస్తుందనీ, పడుకునే ముందు కాకుండా దీపాలు పెట్టే వేళకే వేసుకుంటే పొద్దున మత్తు తగ్గుతుందనీ, మంచం మీది నుంచి ఒక్కసారిగా లేవొద్దనీ, తననడగకుండా మానొద్దనీ. విన్నవాళ్లు మాత్రం మొదటి సగమే విన్నారు. మా వృత్తిలో పుట్టే అబద్ధాలన్నీ ఇలాగే పుడతాయి, సగం విన్న నిజాలు.

మర్నాడు డ్యూటీకి పోతే నాతో ఎవరూ పోట్లాడలేదు.

మీకు ఇది మామూలు విషయంలా అనిపించవచ్చు. మా గదిలో కుర్చీ కోసం రోజూ యుద్ధమే. ఊగని కుర్చీ ఒక్కటే ఉండేది, దానికోసం నేను మా పక్క సీటామె తాతల దాకా పోయేదాన్ని, ఆమె మా తాతల దాకా వచ్చేది. ఆ రోజు ఆమె తనంతట తనే లేచి, "నువ్వు కూసో అక్కా, నేను నిలవడ్తా" అంది. చంటిపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా. ఆమె కళ్లు నేల చూస్తున్నాయి, దొంగకు తేలు కుట్టినట్టుంది మొహం. కీ తెరిచిందెవరో నాకు అర్థమైంది. ఇంకొకామె, "వేములవాడ పోయి రాజన్నకు కోడె కడ్దాం అక్కా, అంత మంచే అయితది" అంది. "కడ్దాం, గోలీ మింగి పోదాం" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా జోకుకు మా గదిలో ఎవరూ నవ్వకపోవడం అదే మొదలు. సింహాలు వేసుకుని వస్తే నవ్విన మనుషులు, గోలీ వేసుకుంటే భయపడ్డారు.

వారం తిరగకముందే ఆ సగం మాట లైను పొడుగునా పాకింది. నా నోరు ఎండిపోతుంటే నా పేరు అందరి నోళ్లలో నానుతోంది. ఇంట్లో అవ్వ గోలీలను బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టింది. "పిచ్చి గోలీలంటున్నరట బిడ్డా, చుట్టాలు చూస్తే ఏమనుకుంటరు?" అని. మా సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు, భయస్థుడు. చెడ్డవాడితో పోట్లాడొచ్చు, భయస్థుడితో ఎట్లా? నన్ను పిలిచి, టేబులు మీద లేని దుమ్ము తుడుస్తూ, "జర రెస్టు తీసుకోవమ్మా. బోర్డు మీద పరేషాన్ ఎందుకు? సోమవారం సంది రికార్డు రూముల కూసో. గాడ ఫోన్లుండయి, ఫికరుండది" అన్నాడు.

"నేనేం తప్పు చేసిన సార్? ఒక్క రాంగ్ కాల్ కలిపిన్నా?"

"గట్ల కాదమ్మా. రేపేమన్న అయితే నా మెడకు సుట్టుకుంటది."

నా మెడకు చుట్టుకున్నది ఆయనకు కనిపించలేదు.

రికార్డు రూమంటే ఏమిటో మీకు తెలియదు. పాత కట్టలు, ఎలకలు, ఒక కిటికీ. నేను బోర్డు మనిషిని. ఎవరికో కొడుకు పుట్టాడన్నా, ఎవరో పోయారన్నా ముందు నా చేతి పిన్ను గుండానే పోయేది. అక్కడ కూర్చుంటేనే నేను నేను. పైగా ఒకసారి మెంటల్ అని బోర్డు మీంచి దింపితే ఆ ముద్ర పెన్షన్ దాకా వెంట వస్తుంది. భయమేసింది. సిగ్గేసింది. ఆ రాత్రి గోలీ మానేశాను. మానేస్తే పిచ్చిదాన్ని కాదని తేలుతుంది కదా అనుకున్నాను.

ఇది మాత్రం మీరు చేయకండి. అలా ఉన్నపళంగా మానితే కడుపులో తిప్పు, ఒళ్లంతా చెమట, కంటి మీద కునుకు లేదు. పక్క గదిలోని నొప్పి తలుపు బద్దలుకొట్టుకుని వచ్చింది. శనివారం సాయంత్రం అద్దంలో చూసుకుంటే నిజంగానే పిచ్చిదానిలా ఉన్నాను. అప్పుడు మండింది నాకు. నా మెడ, నా నొప్పి, నా నోరు, మధ్యలో వీళ్లెవరు? బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి గోలీ తీసి, అవ్వ చూస్తుండగానే మింగాను. "ఇగ దాస్తే నువ్వే మింగుతవ్ చూడు" అన్నాను. అవ్వ డబ్బాకు మూత పెట్టేసింది. మర్నాడు డాక్టరుకు చెప్పి మళ్లీ వరసలో పడ్డాను.

సోమవారం పొద్దున రికార్డు రూముకు పోలేదు. తిన్నగా వచ్చి బోర్డు ముందు కూర్చున్నాను. కొంగులో ఎండబెట్టిన ఉసిరి ముక్కలు. ఒకటి బుగ్గన పెట్టుకుంటే నోట్లో నీళ్లూరుతాయి, అది నేను కనిపెట్టిన చిట్కా. కాళ్ల దగ్గర నీళ్ల చెంబు.

అప్పట్లో కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా కొన్ని ఊళ్లు ఒకే లైను మీద ఉండేవి. పొద్దున్నే లైను బాగుందో లేదో చూడటానికి ఊరి తర్వాత ఊరు పలకాలి. జగిత్యాల పలికింది, నిర్మల్ పలికింది, మధ్యలో చిన్న ఊళ్లు పలికాయి, చివరికి ఆదిలాబాద్ పలికింది. ఇక అందరూ కీ మూసెయ్యాలి. నేను మూయలేదు.

"అందరున్నరా? నేను కరీంనగర్ మాట్లాడుతున్న. పిచ్చి గోలీలు మింగేటామెను."

గొంతు తగ్గింది. ఎవరో కీ తెరిచారు.

"మీరు సగమే విన్నరు. మిగిలిన సగం వినుండ్రి. నా మెడకు అక్కి లేచింది, నరం పాడైంది. నరానికే గీ గోలీ. నాకు పిచ్చి లేదు."

ఇంకా తగ్గింది. ఇంకో కీ. ఇంకొకటి. వినేవాళ్లు పెరిగిన కొద్దీ నా గొంతు నాకే వినిపించకుండా పోతోంది. దాంతో అరవడం మొదలుపెట్టాను. అరుస్తుంటే నోరెండిపోయింది. చెంబు ఎత్తి, బోర్డు ముందే గటగటా తాగాను. వెనక సూపర్‌వైజరు వచ్చి నిలబడ్డ చప్పుడైంది. తిరిగి చూడలేదు.

నీళ్లు తాగుతుంటేనే ఒక సంగతి తట్టింది. నేనేమంటున్నాను? నాకు పిచ్చి లేదు, నాది మెడ నొప్పి అంటున్నాను. మరి మనసుకే మింగేవాళ్లున్నారు కదా, వాళ్లను నేనే బోర్డు దింపుతున్నానా? చెంబు దించి మళ్లీ అరిచాను.

"ఇంకో మాట. నరానికి కాదు, మనసుకే మింగిన్ననుకోండ్రి. అయితే ఏంది? మెడకు నొప్పొస్తే మందు మింగొచ్చు, మనసుకు నొప్పొస్తే మింగొద్దా? గోలీ మింగి నా పని నేను చేస్తున్న. చేస్తలేనన్నోడు నా ముంగటికొచ్చి చెప్పాలె!"

లైనులో దూరంగా గరగర మాత్రం. అప్పుడు, నూతిలోంచి వచ్చినట్టు సన్నగా ఒక గొంతు.

"కాయ్ గ పోరీ, గంత లొల్లి ఎందుకు?"

ఆదిలాబాద్ అక్క. నా మొదటి పోస్టింగులో నాకు పిన్ను పట్టుకోవడం నేర్పిన మనిషి. మరాఠీ కలిపి మాట్లాడేది. ఆ లైను మీద ఆమె మాటంటే మాటే, సూపర్‌వైజర్లే ఆమెకు నమస్తే పెట్టేవారు.

"నీది మెడకు," అంది అక్క. "నాది మనసుకే గ. కొడుకు పోయిన సంది మింగుతున్న. గది మింగే మీ అందరికి లైన్లు ఇస్తున్న ఇన్నొద్దుల సంది. గిట్ల చెప్పుకోవచ్చని నాకు తెల్వలే."

అంత దూరం నుంచి ఆమె గొంతు ఎంత సన్నగా వినిపించిందంటే, హెడ్‌సెట్ చెవికి అదుముకుని వినాల్సి వచ్చింది.

అప్పుడు జరిగింది నేను సర్వీసులో మళ్లీ ఎన్నడూ వినలేదు. ఆమె గొంతు ఒక్కసారి కొంచెం పెరిగింది. తర్వాత ఇంకొంచెం. ఒక్కొక్క ఊరూ కీ మూసేసుకుంటోంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పరాయివాళ్ల మాటలు వినడం తప్ప వేరే కాలక్షేపం లేని మేం, ఆ పొద్దున, ఆమె మాట్లాడుతుంటే వినడం మానేశాం. చివరికి నా పక్కన టక్కుమని ఒక చప్పుడు. పక్క సీటామె తన కీ మూసింది. ఆదిలాబాద్ అక్క నా చెవిలో, ఎదురుగా కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా, "నోరెండుతుందా పోరీ? నాకు గూడ ఎండుతది" అంది. ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి, నవ్వి, ఉసిరి ముక్కల సంగతి చెప్పుకున్నాం.

హెడ్‌సెట్ తీసేసరికి సూపర్‌వైజరు ఇంకా అక్కడే ఉన్నాడు. మొహం ఎర్రబడింది. తన గదిలోకి పోయాడు. మధ్యాహ్నానికి మెమో టైపు చేయించి తెచ్చాడు. నేరాలు రెండు. సర్కారు లైనును సొంత మాటలకు వాడటం ఒకటి, బోర్డు దగ్గర నీళ్లు తాగడం ఇంకొకటి. కావాలని, తెలిసి తెలిసి చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

కూర్చున్న చోటే మొత్తం చదివాను. చదువుతుంటే నవ్వాగలేదు.

"సార్, కావాలని, తెలిసి తెలిసి చేసిన్నని రాసిన్రు."

"అవ్, రాసిన. చెయ్యలేదా మరి?"

"చేసిన సార్. మతి లేనోళ్లకు మెమో ఇస్తరా? తెలిసి చేసిందని సంతకం పెట్టి ఇచ్చిన్రు. ఇగ నన్ను ఏ రోగం పేరు చెప్పి రికార్డు రూముకు పంపుతరు?"

ఆయన మెమో వంక చూశాడు, నా వంక చూశాడు. వెనక్కి తీసుకోబోయినట్టు చెయ్యి చాపాడు. నేను మడిచి జాకెట్లో దోపుకున్నాను. పక్క సీటామె ఫక్కున నవ్వింది. అన్ని రోజుల తర్వాత మా గదిలో నవ్వు. నవ్వుతూనే, "ఏయ్, లే నా కుర్చీల కెల్లి, పొద్దటి సంది ఊగే కుర్చీల సస్తున్న" అని నా మీదికి వచ్చింది.

"నీ తాత చేపిచ్చిండా ఈ కుర్చీ?" అన్నాను.

బోర్డు మీద ఆదిలాబాద్ దీపం వెలిగింది.

"జరుగుండ్రి సార్," అన్నాను, హెడ్‌సెట్ కుడి చెవికి తగిలించుకుంటూ. "లైన్ మీద అక్క ఉన్నది."